శిశువు - భగవన్న్యాసము

బిడ్డను తూచరాదు, కొలువరాదు, "ఎదిగినాడు" అని నోటితో అనరాదు - ఈ మాట మన యిండ్లలో నేటికిని వినవచ్చుచునే యున్నది. తూచినచో దిష్టి తగులుననియు, కొలిచినచో ఎదుగుదల నిలిచిపోవుననియు పెద్ద ముత్తైదువలు చెప్పుదురు. ఆ మాట చెప్పిన తల్లులే సంవత్సరము తిరుగక మునుపే ఆ బిడ్డనే చంకనెత్తుకొని తిరుమల కొండ యెక్కి, శ్రీనివాసుని సన్నిధిలో తులాభారపు తక్కెడలో కూర్చుండబెట్టి, రెండవ తట్టలో బెల్లమో, కలకండయో, నాణెములో ఉంచి, ముల్లు సరిగా నిలిచినదా లేదా యని రెప్పవేయక చూచుచుందురు. ఇంటిలో దోషమైన తూనిక దేవుని యెదుట పుణ్యమెట్లైనది?

ఇది పరిహాసమునకు అడిగిన ప్రశ్న కాదు. ఇందులో గృహస్థులందరు ఆలోచింపదగిన ధర్మసూక్ష్మ మొకటి కలదు. బిడ్డ బరువును, పొడవును, నవ్వును, నడకను, పలుకును నెలనెలయు గమనించుట తగునా? అది మమకారము ముదిరిన లక్షణమా? భగవంతునియందు విశ్వాసము తగ్గిన చిహ్నమా? లేక ధర్మమా? ఈ విషయమున మన వారికి రెండు శంకలు కలుగుచున్నవి.

మొదటి శంక దిష్టిని గూర్చినది. దానిపై నేను వాదము పెంచదలచలేదు. పూతన మరణించిన పిమ్మట గోపికలు బాలకృష్ణునకు గోపుచ్ఛము త్రిప్పి, గోధూళి పూసి, అంగాంగమునకు భగవన్నామములతో రక్ష కట్టిరని శ్రీమద్భాగవతము దశమస్కంధము చెప్పుచున్నది. బుగ్గన కాటుకచుక్క పెట్టు తల్లి చేతిని నేను పట్టుకొనబోను. కాని ఆ అధ్యాయములోనే, రక్ష ముగిసిన వెంటనే, శుకమహర్షి చెప్పిన మాటను గమనింపుడు. యశోద బిడ్డకు స్తన్యమిచ్చి పరుండబెట్టెను. రక్ష కట్టితిమి గదా యని పాలు మానలేదు. చుక్క పెట్టినందున తూనిక మానవలసిన పనియు లేదు. చుక్క పెట్టి తూచవచ్చును.

రెండవ శంక గంభీరమైనది. "రక్షణభారము స్వామిది. బిడ్డ తన ప్రారబ్ధము ననుసరించి పెరుగును. మనము కాగితముపై గీతలు గీచికొని చూచుటవలన అధికముగా నేమగును?" అని ప్రపన్నులైన గృహస్థులే అడుగుదురు. ఇది సోమరులు మాత్రమే చెప్పు మాట యనుకొనరాదు. చదువుకొన్నవారు, నిష్ఠ గలవారు, నిజముగా నమ్మి చెప్పుచుందురు. కావున దీనిని సావధానముగా విచారింపవలెను.

శ్రీవేదాంతదేశికులు న్యాసదశకమున ఆత్మరక్షణభారమును, దాని ఫలమును స్వామియందే సమర్పింపవలెనని బోధించిరి. అచ్చట సమర్పింపబడినది ఎవని భారము? సమర్పించువాని భారము. నా ఆకలిని నేను స్వామికి విడువవచ్చును. పొరుగువాని ఆకలిని స్వామికి విడిచి నేను కడుపునిండ భుజించినచో దానిని ప్రపత్తి యని ఏ ఆచార్యులును అనలేదు. మన స్మృతికర్తలు ఈ భేదమును చక్కగా ఎరుగుదురు. ఏకాదశి ఉపవాసము ఎనిమిదేండ్లు దాటినవారికి, ఎనుబదియేండ్లు నిండనివారికి విధింపబడినది. పసివానికి విధింపబడలేదు. పెద్దవాడు తన వైరాగ్యమును తాను అనుష్ఠింపవలయునే గాని, మాటరాని బిడ్డ పక్షమున తాను వైరాగ్యము వహింప నధికారము లేదు. "వాని తలవ్రాత" యని తండ్రి చేతులు ముడుచుకొనినప్పుడు ఆ తండ్రి త్యజించినది తన సుఖమును కాదు, బిడ్డ సుఖమును.

మార్జారకిశోర, మర్కటకిశోర న్యాయములు మన సంప్రదాయమున ప్రసిద్ధములు. పిల్లి తన కూనను తానే నోట కరచికొని ఏడిండ్లు త్రిప్పును. కోతిపిల్ల తానే తల్లి పొట్టను పట్టుకొని వ్రేలాడును. భగవత్కృపకు జీవుని ప్రయత్నము కావలెనా అక్కరలేదా యని రెండు కలైల వారును శతాబ్దములుగా చర్చించుచున్నారు. ఆ చర్చలో ప్రవేశించుట ఇచ్చట నా ఉద్దేశము కాదు. ఒక్కటి మాత్రము చూడుడు: రెండు దృష్టాంతములలోను తల్లి కన్ను మూసికొనలేదు. పట్టుకొనలేని పిల్లయైనను, పట్టుకొన్న పిల్లయైనను, కొమ్మ మారునప్పుడు, ఇల్లు మారునప్పుడు తల్లి చూచుకొనుచునే యున్నది.

ఇక అసలు విషయము. బిడ్డ ఎవని సొత్తు? "నా బిడ్డ" యని లోకమనును. మన సిద్ధాంతమున సమస్త చేతనులును శ్రీమన్నారాయణునకు శేషభూతులు. తండ్రియు శేషుడే, తొట్టెలోని బిడ్డయు శేషుడే. అట్లైన తండ్రికి బిడ్డయందు గలది స్వామ్యము కాదు, న్యాసరక్షకత్వము. న్యాసమనగా నమ్మకముతో ఒకనివద్ద దాచియుంచిన సొత్తు. మనము ఆత్మను స్వామికి న్యాసము చేయుదుము. స్వామి ఒక ఆత్మను పసిదేహముతో గూడ మనకు న్యాసము చేయును. ఇచ్చిపుచ్చుకొనుట ఇట్లున్నది.

న్యాసము నుంచుకొన్నవానికి ధర్మశాస్త్రమున కొన్ని నియమములు కలవు. దానిని తన దానివలె కాపాడవలెను. తన దానివలె వాడుకొనరాదు. అజాగ్రత్తవలన నష్టమైనచో సమాధానము చెప్పవలెను. ఆలయములలో స్వామివారి తిరువాభరణములను పట్టికతో సరిచూచి, తూచి, వ్రాసియుంచుట అందరెరిగినదే. ఆ తూనికను చూచి "స్వామి సొత్తును స్వామి చూచుకొనడా? ఈ తక్కెడ యెందులకు?" అని ఎవరును అడుగరు. స్వామి సొత్తు గనుకనే లెక్క కావలెను. నా ఉంగరమును నేను తూచకున్నను తప్పు లేదు. తులాభారమందు తల్లి చేయుచున్నదియు ఇదియే. "ఇంత బరువైనాడు, ఈ బరువంతయు నీది" యని న్యాసపు లెక్కను యజమానికి చూపుచున్నది. సంవత్సరమున కొకసారి చూపు లెక్కను నెలనెలయు ఇంట వ్రాసికొనుటలో దోషమేమి?

మన పూర్వులు ఈ లెక్క వ్రాయలేదా? వ్రాసిరి, అయితే కాగితముపై కాదు. వారి లెక్క సంస్కారములలోను, వంటయింటిలోను ఉన్నది. నాలుగవ నెల నిష్క్రమణము, ఆరవ నెల అన్నప్రాశనము అని మనువు చెప్పెను. చౌలము, అక్షరాభ్యాసము, ఉపనయనము పిదప వచ్చును. తెలుగు ఇల్లాండ్రు దీనికి తోడు మరియొక పట్టిక కల్పించిరి. బిడ్డ బోర్లపడినచో బొబ్బట్లు, అడుగు వేసినచో అరిసెలు, గడప దాటినచో గారెలు, పలుకు వచ్చినచో పంచదార చిలుకలు. ఊరూర కొంచెము మార్పుండును. కొన్ని సీమలలో నవ్వునకు నువ్వులుండలు చేయుదురు. ఏ ఊరిదైనను ఆ పట్టికలోని వరుస చూడుడు. నవ్వు, బోర్లపాటు, ప్రాకుట, అడుగు, పలుకు - నేటి శిశువైద్యులు అడుగు ప్రశ్నలన్నియు అందున్నవి. బొబ్బట్లు పంచిన యింట బిడ్డ బోర్లపడినాడని వీధి వీధికంతకు తెలియును. పంచని యింటి తలుపు తట్టి "ఏమమ్మా, ఇంకను బోర్లపడలేదా?" అని అడుగు ముసలమ్మ యొకతె యుండెడిది. ఆ ముసలమ్మయే ఆనాటి వైద్యశాఖ.

పెరియాళ్వారులు యశోదాభావమును దాల్చి పాడిన పాశురములలో ఇదే వరుస కలదు. తొట్టెలో లాలి, చేతులు మోకాళ్ళపై నిలిచి తలయెత్తి ఊగు శెంగీరై, చేతులు చరచు చప్పాణి, తప్పటడుగుల తళర్నడ - ఒక్కొక్క దశకు ఒక్కొక్క పదికము. జగత్తు నంతయు కొలిచిన త్రివిక్రముని పాదము తప్పటడుగు వేయుచుండగా ఆళ్వారు నిలిచి చూచుచున్నారు. సర్వజ్ఞునకే ఎదుగుదల ఆరోపించి చూచి మురిసిన సంప్రదాయము మనది. సామాన్య శిశువును చూచుటకు మనము సంకోచింపనేల?

భాగవతమున ఒక ఘట్టమును ఈ సందర్భమున తప్పక స్మరింపవలెను. బాలకృష్ణుడు మొదటిసారి ప్రక్కకు ఒత్తిగిలెను. ఆనాడే జన్మనక్షత్రమైన రోహిణియు కూడివచ్చెను. యశోద ఔత్థానికమను ఉత్సవము జరిపెను. అనగా మన బొబ్బట్ల పండుగయే. విప్రులు స్వస్తివాచనము చేసిరి, బిడ్డకు మంగళస్నానమాయెను, కన్ను మూతపడుచుండగా తల్లి బండిక్రింద పరుండబెట్టి అతిథుల పూజకు పోయెను. బిడ్డ పాలకై యేడ్చెను. వచ్చిన వారికి చీరలు, గంధము, భోజనము - ఆ సందడిలో తల్లికి ఏడుపు వినబడలేదు. చిగురుటాకువంటి పాదము తగిలి బండి తలక్రిందులాయెను. రెండవ స్కంధమున ఈ సంగతియే చెప్పుచు బాలుడప్పుడు మూడునెలలవాడని యున్నది.

శకటాసురభంజనమునకు ఆచార్యులు చెప్పిన తత్త్వార్థములు వేరుగా కలవు. గృహస్థునకు ఇందులో మరియొక సంగతి కనబడుచున్నది. బిడ్డ ఎదుగుదలకు చేసిన పండుగయే బిడ్డ ఏడుపును కప్పివేసినది. నేడు మొదటి పుట్టినరోజునకు మండపము కట్టించి, మున్నూరు మందికి విందు పెట్టి, దీపకాంతులలో మూడు గంటలసేపు బిడ్డను చేతులు మార్చు ఇండ్లను నేను చూచుచున్నాను. ఆ పూట బిడ్డ ఎన్నిమారులు పాలు త్రాగెనని అడిగిన చెప్పువారుండరు. భాగవతమున ఇంకొక చమత్కారము కలదు. బండి యెట్లు పడెనో దగ్గరనున్న గోపబాలకులు చెప్పిరి. పెద్దలు నమ్మలేదు, పిల్లల మాటలని కొట్టివేసిరి. ఇంటిలో పెద్దపిల్ల వచ్చి "తమ్ముడు పిలిచినను చూచుటలేదు" అన్నప్పుడు మనము చేయునది అదే.

మా అగ్రహారములో ఒక యింట ఇట్టి సంగతి జరిగినది. ఏడెనిమిది నెలల మగబిడ్డ. చూచుటకు చక్కనివాడు, బొద్దుగా నుండెను, కూర్చుండుచుండెను, నవ్వుచుండెను. సాయంకాలము ఆరాధనవేళ గంట మ్రోగినప్పుడు తక్కిన పిల్లలు తలత్రిప్పినను వీడు త్రిప్పుటలేదని నాయనమ్మ గమనించినది. కుమారునితో చెప్పగా "మా తాతయు మూడేండ్లకు గాని మాటలాడలేదు, మన వంశమే అంత" అని అతడు కొట్టివేసెను. ఆమె మరునాడు బిడ్డ వెనుకగా నిలిచి ఇత్తడి పళ్ళెమును నేలపై జారవిడిచినది. వాకిటి కుక్క ఉలికిపడినది గాని బిడ్డ ఉలికిపడలేదు. ఆమె యింక ఎవరి అనుమతియు అడుగలేదు. కోడలిని, బిడ్డను వెంటబెట్టుకొని పట్టణమునకు బస్సెక్కినది. పరీక్షలో రెండు చెవులును దాదాపు వినబడవని తేలినది. యంత్రసాధనము అమర్చి, పలుకు నేర్పించుటకు వారు పడిన శ్రమ చాల కలదు. ఆ బాలుడు నేడు బడికి పోవుచున్నాడు. ధనుర్మాసములో తిరుప్పావై ముప్పది పాశురములును చెప్పును. కొన్ని అక్షరములు కొంచెము మెత్తగా పలుకును, అంతే.

వైద్యులు ఈ విషయమున ఒక నియమము చెప్పుదురు. పుట్టిన నెలలోపల చెవి పరీక్ష, మూడు నెలలలోపల నిర్ధారణ, ఆరు నెలలలోపల చికిత్స. పలుకు నేర్చుటకు మెదడునకు ఒక కాలమున్నది. అది గడచిన పిమ్మట అదే చికిత్స సగము ఫలమే యిచ్చును. "వంశమే అంత" యను మాటవలన పోయెడిది ఆ కాలము.

తూనిక సంగతి కొంత వివరముగా చెప్పుదును, ఏలయన చిన్నతల్లులు దీనియందే కలతపడుదురు. 2.5 కిలోలకు తక్కువగా పుట్టిన బిడ్డను తక్కువ బరువు బిడ్డగా ఎంచి అధిక శ్రద్ధ వహింపవలెను. పుట్టిన మొదటి కొన్ని దినములలో బరువు కొంచెము తగ్గుట సహజము. రెండు వారములలో తిరిగి వచ్చును. తల్లిపాలు చాలుటలేదని ఆ దినములలోనే డబ్బాపాలకు పరుగెత్తనక్కరలేదు. ఆరు నెలలు నిండువరకు తల్లిపాలే చాలును. ఇచ్చట మన ఆరవనెల అన్నప్రాశనమును, నేటి వైద్యశాస్త్రమును ఒక్కచోటికి వచ్చినవి. పుట్టినప్పటి బరువు సుమారు అయిదవ నెలకు రెట్టింపు, సంవత్సరమునకు మూడురెట్లగును. పొడవు పుట్టినప్పుడు దాదాపు 50 సెంటీమీటర్లు, సంవత్సరమునకు 75. ఇవి సగటు లెక్కలు, శాసనములు కావు.

అంగన్‌వాడీ కేంద్రములు మన దేశమున 1975 అక్టోబరు 2వ తేదీన 33 ప్రాంతములలో ఆరంభమైన సమగ్ర శిశు అభివృద్ధి సేవాపథకము ననుసరించి ఏర్పడినవి. నేడు పల్లెపల్లెకును కలవు. బిడ్డను తూచి ఎదుగుదల పటముపై చుక్క పెట్టుదురు. ఆ పటమును చూచు విధానము తెలిసికొనవలెను. ఒక్క చుక్కవలన ఏమియు తెలియదు. పద్యములో ఒక్క అక్షరమును చూచి ఛందస్సు చెప్పగలమా? చుక్కలను కలిపిన గీత పైకి పోవుచున్నదా, సమముగా సాగుచున్నదా, క్రిందికి వంగుచున్నదా యని చూడవలెను. సన్నని బిడ్డయైనను గీత తన దారిన తాను పైకి పోవుచున్నచో సాధారణముగా దిగులు లేదు. బొద్దుబిడ్డ గీత రెండుమూడు నెలలు సమముగా నిలిచిపోయినచో కారణము వెదకవలెను. ఈ భేదము కంటికి కనబడదు. ముద్దులు మూటగట్టు బిడ్డ మూడు నెలలుగా పెరుగుట మానివేసిన సంగతి తల్లి కంటికి తెలియదు, ఏలయన ఆమె దినదినమును చూచుచున్నది. ప్రేమకు తెలియనిది తక్కెడకు తెలియును. దీనివలన ప్రేమకు తక్కువతనము లేదు.

ఈ పటము వెనుక ఒక గొప్ప పరిశోధన కలదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1997 మొదలు 2003 వరకు బ్రెజిల్, ఘానా, భారతదేశము, నార్వే, ఓమన్, అమెరికా - ఈ ఆరు దేశములలో సుమారు 8,500 మంది పిల్లలను పరిశీలించి 2006లో ప్రమాణములను ప్రకటించినది. మన దేశమున ఢిల్లీ నగరములో ఈ పరిశీలన జరిగినది. తల్లిపాలు త్రాగి, మంచి ఆహారము, శుభ్రత, వైద్యము కలిగి పెరిగిన పిల్లలు ఏ దేశమువారైనను చిన్ననాట దాదాపు ఒకే తీరున ఎదుగుదురని తేలినది. నార్వే బిడ్డకును ఢిల్లీ బిడ్డకును ఆ వయస్సున పొడవులో చెప్పదగిన భేదము లేదు. పండితులు, శ్వపచులు, గజములు, గోవులందు సమదర్శనము చేయుమని గీతాచార్యుడు చెప్పిన దానిని మనము వేదాంతముగా వినుచున్నాము. కొలబద్ద పట్టుకొన్నవారు తమ దారిన పోయి, శిశుదేహములందును ఒక సమత్వమున్నదని కనుగొనిరి. పేదయింటి బిడ్డ గిడసబారినచో "ఆ జాతి అంతే" యని చెప్పుటకు ఇక వీలులేదు. ఆ గిడస అందని అన్నపు గుర్తు, శుభ్రముకాని నీటి గుర్తు. న్యాసము నుంచుకొన్నవాడు ఆ తండ్రి యొక్కడే కాదు, ఊరును గూడ.

ఆ పరిశీలనలోనే మరియొక ఫలితము కలదు. ఆధారము లేక కూర్చుండుట కొందరు పిల్లలకు నాలుగవ నెల ప్రాంతమున వచ్చును, కొందరికి తొమ్మిది నిండిన పిదప వచ్చును. ఒంటరిగా నడచుట ఎనిమిదవ నెలకు వచ్చినవారు కలరు, పదునేడున్నర నెలలకు వచ్చినవారును కలరు. అందరును ఆరోగ్యవంతులే. నూటికి సుమారు నలుగురు చేతులు మోకాళ్ళపై ప్రాకకయే లేచి నడచిరి. మరి ఎదురింటి బిడ్డ పదవ నెలకే నడచెనని మన బిడ్డ చేతులు పట్టి లాగుటయెందులకు? చూచుటకును పోల్చుటకును గల దూరము ఇక్కడ తెలియును. చూచునప్పుడు దృష్టి బిడ్డపై నుండును. పోల్చునప్పుడు దృష్టి మన పరువుపై నుండును. దిష్టి తగులునని పెద్దలు భయపడినది ఈ రెండవ చూపునకే యేమో యని నాకు తోచుచుండును.

అట్లని పోలికకు భయపడి ఉపేక్షించుటయు తగదు. మూడు నెలలు దాటినను తల్లి ముఖము చూచి నవ్వని బిడ్డను, పదునెనిమిది నెలలు నిండినను నడవని బిడ్డను, రెండేండ్లకును రెండు మాటలు కలిపి చెప్పలేని బిడ్డను వైద్యునకు చూపవలెను. వచ్చిన పలుకుగాని, వచ్చిన నడకగాని తిరిగి పోయినచో ఏ వయస్సునందైనను ఆలస్యము చేయరాదు.

ఆడుబిడ్డల విషయమున ఒక మాట. కాళిదాసు శాకుంతలమున కణ్వమహర్షి శకుంతలను అత్తవారింటికి పంపి, కన్య పరధనమనియు, న్యాసమును తిరిగి యిచ్చినవానివలె తన మనస్సు తేలికపడినదనియు అనెను. లోకము ఈ మాటలో "పరధన" మను ముక్కను పట్టుకొని "న్యాస" మను ముక్కను జారవిడిచినది. "పరాయింటికి పోవునది గదా" యని పెరుగుగిన్నె అన్నవైపునకు జరుపు ఇండ్లు కలవు. పరధనమైనచో మరింత భద్రముగా కాపాడవలెను గదా! కణ్వుని మనస్సు తేలికపడుటకు కారణము, తపోవనమున ఆ పిల్లను ఏ లోటు లేక పెంచియుండుటయే. ఎదుగుదల పటములో ఆడుపిల్లలకు వేరుగీత కలదు. అన్నగారి గీతతో పోల్చి "ఆడుపిల్ల గదా, సన్నగానే యుండును" అని సమాధానపడక దాని గీతలోనే దానిని చూడవలెను.

అన్నప్రాశనమునాడు బిడ్డ యెదుట పుస్తకము, బంగారము, పూలు, కత్తి మొదలగునవి ఉంచి దేనిని పట్టుకొనునో చూచి, వాడు పండితుడగునా, వర్తకుడగునా యని చెప్పుకొందురు. చెప్పుకొనుడు, అందులో సంతోషమున్నది. నేను పౌరోహిత్యమునకు కూర్చున్నప్పుడు మాత్రము మరికొన్ని చూచెదను. బిడ్డ తల నిలిపినాడా? ఎరుపు పువ్వుమీదికి చూపు పోయినదా? పక్కనున్న మేనమామ పిలిచినప్పుడు అటు తిరిగెనా? పట్టుకొనుటకు రెండు చేతులును చాచుచున్నాడా, ఒక చేయి ఎల్లప్పుడు పిడికిలి బిగించి వెనుకనే యున్నదా? పుస్తకము పట్టెనా కత్తి పట్టెనా యనుట పదునైదేండ్ల పిమ్మటి మాట. ఇవి మాత్రము ఆనాడే తెలిసికొనదగినవి.

ఇంత చూచినను గీత పైకి రాని బిడ్డలు కలరు. కొందరికి పుట్టుకతోనే అంగవైకల్యముండును, కొందరి బుద్ధి నెమ్మదిగా వికసించును, కొందరికి ఎప్పటికిని పూర్తిగా వికసింపదు. వారిని గూర్చి మన ప్రాచీనులేమనిరి? బాలవైద్యమునకు మూలగ్రంథమైన కాశ్యపసంహిత తాళపత్రప్రతి నేపాళమున లభించినది. రాజగురువు హేమరాజశర్మగారు పీఠికతో 1938లో అది ముద్రితమైనది. అందు మాటరాని బిడ్డకు నొప్పి ఎచ్చట నున్నదో తెలిసికొను విధమును చెప్పుటకే ఒక అధ్యాయము కలదు. చెవినొప్పి గల బిడ్డ చేతులతో చెవిని ముట్టుకొనుచు తలను త్రిప్పుచుండును, తలనొప్పి గలవాడు తల దొర్లించి కన్నులు మూయును, ఇట్లు వరుసగా చెప్పెను. గంటలకొలది బిడ్డప్రక్కన కూర్చున్నవాడు తప్ప ఇట్లు వ్రాయలేడు.

ఆ గ్రంథమందే ఫక్కరోగమను ప్రకరణము కలదు. సంవత్సరము నిండినను పాదములతో నడవని బిడ్డను ఫక్కుడని పేర్కొని, అది తల్లిపాల దోషమువలన, పాలు త్రాగుచుండగా తల్లి మరల గర్భము ధరించుటవలన, వ్యాధివలన అని మూడు విధములుగా విభజించెను. పూర్వజన్మ పాపమని చెప్పి చేతులు కడుగుకొనలేదు. ఘృతములు, క్షీరములు, అభ్యంగనము మొదలగు చికిత్సలు చెప్పి, తుదకు ఆ బిడ్డ నడక నేర్చుటకై మూడు చక్రముల చిన్నరథ మొకటి చేయించి యిమ్మని విధించెను.

ఆ రథము మనకు క్రొత్తది కాదు. తిరునాళ్ళలో కొయ్యబొమ్మల అంగళ్ళయందు అమ్ము మూడుచక్రముల నడకబండి అదియే. యాత్రకు వచ్చిన తాతలు నేటికిని మనుమల కొరకు కొనుచున్నారు. బిడ్డ నిలిచి వెనుకనుండి త్రోయు బండినే కొనుడు. నడుమ కూర్చుండబెట్టి వదలు చక్రాల కుర్చీలు వేరు. అవి మెట్లమీద బోర్లబడుటయే గాక నడకను గూడ ఆలస్యము చేయునని తెలిసి కెనడా దేశము 2004లో వాటి అమ్మకమును నిషేధించినది. కొయ్యబండి కొన్నప్పుడు చక్రములు మరీ జారకుండ కొంచెము బిగువుగా నున్నవో లేదో అంగడివానిచేత త్రిప్పించి చూచుకొనుడు. ఇంట బిడ్డ దానిని పట్టుకొని లేచిననాడు, పంచాంగమున ఆ తిథి ప్రక్కన ఒక గీత గీచి, వయస్సు ఎన్ని నెలలో వ్రాసియుంచుడు.